నలుగురు కూడే చోటు: పత్తి, మిరప నేలల్లో మహిళా ఉద్యమాలు

స్త్రీపురుషుల మధ్య ఉన్న అధికార భేదం ప్రకృతి పెట్టినది కాదని, సమాజం కల్పించినదని, కాబట్టి సమాజమే దాన్ని మార్చుకోగలదని చెప్పే ఆలోచనకు స్త్రీవాదమని పేరు. తెలుగునాట ఈ పేరు 1980ల తర్వాత కవిత్వం ద్వారా, కథల ద్వారా, పత్రికల్లో సాగిన వాదోపవాదాల ద్వారా ప్రచారంలోకి రావడం వల్ల అది పట్నాల్లో చదువుకున్నవారి వ్యవహారమనే అభిప్రాయం బలపడింది. గుంటూరు, ప్రకాశం మైదానాలు, వాటిని ఆనుకుని ఉన్న పల్లెల గత వందేళ్ల చరిత్రను పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. స్త్రీవాదమనే పేరు ఎన్నడూ వినని స్త్రీలు ఇక్కడ సారా దుకాణాన్ని, మంచినీటి చెరువును, న్యాయస్థానాన్ని, పొలం కాగితాన్ని తమ పోరాట విషయాలుగా చేసుకున్నారు. ఆ పోరాటాలను దగ్గరగా చూసినప్పుడు ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది: ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఆడవాళ్లు నలుగురూ కూడి కూర్చోగల చోటు ఒకటి ఏర్పడిన తర్వాతే ఉద్యమం పుట్టింది, ఆ చోటు మరొకరి అదుపులోకి వెళ్లిన తర్వాత అది సన్నగిల్లింది.

ఈ ప్రాంతపు వ్యవసాయమే అటువంటి చోట్లను కొన్నింటిని సృష్టించింది. పత్తి తీత, మిరప కోత, కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి తాలుకాయలను ఏరడం, ముచ్చికలు, అంటే కాయ తొడిమలు, తీయడం ప్రధానంగా స్త్రీలు చేసే పనులు. పత్తి ఒకేసారి పగలదు, మిరప ఒకేసారి పండదు. అందువల్ల ఒకే చేలో మూడు నాలుగు విడతలుగా కోతలు సాగుతాయి, ఒక్కో విడతకు కూలీలు ముఠాగా కదలాలి. ముఠా అంటే ఒకే వాడ నుంచి ఒకరి వెంట ఒకరుగా పనికి వెళ్లే జట్టు. బేరం మాట్లాడేది, హాజరు చూసేది జట్టును నడిపే మేస్త్రి. గుంటూరు మిర్చి యార్డు దేశంలోకెల్లా పెద్ద మిరప విపణిగా పేరుపొందడం వెనుక, దాని చుట్టూ ఉన్న శీతల గిడ్డంగుల వెనుక, ఘాటుకు దగ్గుతూ, మండే చేతులతో రోజంతా కాయలు బాగుచేసే వేలమంది స్త్రీల శ్రమ ఉంది. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా కోతలకు వలస వచ్చి చేలగట్ల మీద గుడారాలు వేసుకునేవారూ వీరిలో ఉన్నారు. రోజు కూలి ఎంత ఉండాలి, కిలో లెక్కన తీస్తే ఎంత ఇవ్వాలి, మందు కొట్టిన ఎన్నాళ్లకు చేలో దిగాలి అన్న చర్చలు ముందు ఈ ముఠాల్లోనే సాగుతాయి. వ్యవసాయ కార్మిక సంఘాల చరిత్ర రాసినవారు వేదికల మీది ప్రసంగాలకు ఇచ్చినంత చోటు ఈ చర్చలకు ఇవ్వకపోవడం పెద్ద లోటు.

ఇటీవలి చరిత్రలో స్త్రీల సమష్టి శక్తికి అన్నింటికంటే స్పష్టమైన నిదర్శనం ప్రకాశం జిల్లాకు పొరుగున, నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం. ఈ రెండు జిల్లాల మధ్య గీత చాలా కొత్తది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరులోనే ఉండేవి కాబట్టి మాటలో, బంధుత్వాల్లో, బతుకుదెరువులో ఈ సీమ అంతా ఒకటే. 1980లలో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను పాలిథిన్ పొట్లాల్లో నింపి పల్లెలకు చేర్చే పద్ధతి ప్రవేశపెట్టింది. అంతకుముందు సారా కావలసినవాడు దుకాణానికి వెళ్లవలసి వచ్చేది, పొట్లం వచ్చాక సారాయే పొలం గట్టుకు, ఇంటి గడపకు వచ్చింది. అమ్మకపు హక్కును ప్రభుత్వం ఏటా వేలం వేసేది. పాడుకున్న గుత్తేదారు తాను కట్టిన సొమ్ము రాబట్టుకోవడానికి ఊరూరా అమ్మకాలు పెంచేవాడు, ఖజానాకు వచ్చే ఆదాయం పెరిగేకొద్దీ మరుసటి ఏటి వేలంపాట కూడా పెరిగేది. 1990ల ఆరంభానికి రాష్ట్రానికి మద్యం మీద వచ్చే రాబడి ఏటా 800 కోట్ల రూపాయల స్థాయికి చేరింది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే దుకాణంలో చెల్లిపోవడం, అడిగిన భార్య దెబ్బలు తినడం, పిల్లలు పస్తుండటం ఆ సంఖ్యకు మరో ముఖం.

బాధ పాతదే అయినా కూడి మాట్లాడుకునే అవకాశం కొత్తది, అది రాత్రిబడి రూపంలో వచ్చింది. సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం 1990, 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో పెద్ద ఎత్తున సాగింది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు ఊరూరా తిరిగి కళాజాతలు ప్రదర్శించారు. పాట, ఆట, చిన్న నాటిక కలిపి వీధిలో జనం మధ్య ప్రదర్శించే ప్రచార రూపాన్ని కళాజాత అంటారు. పగలంతా కూలికి వెళ్లిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఒకటి ఉండేది. తాగుడు వల్ల చితికిపోయిన కుటుంబం గురించి, ఊరి ఆడవాళ్లు ఏకమై దుకాణం మూయించడం గురించి చెప్పే ఆ పాఠం చుట్టూ జరిగిన చర్చ అక్షరాలు దిద్దడంతో ఆగలేదు. సీతమ్మ ఊళ్లో జరిగినది తమ ఊళ్లో ఎందుకు జరగదన్న ప్రశ్న వచ్చింది. తాగిన మత్తులో ఊరివారు నీట మునిగి చనిపోవడం కూడా తోడై దూబగుంట స్త్రీలు సారా బండిని ఊళ్లోకి రానివ్వకుండా అడ్డుకుని, దుకాణం మూయించారు. వారి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటా తెలిసింది.

దూబగుంట ఉదంతమే తరువాతి వాచకాల్లో పాఠంగా చేరి ఇతర గ్రామాల రాత్రిబడులకు వెళ్లింది. ఒక ఊరి స్త్రీల అనుభవం మరో ఊరి స్త్రీలకు పాఠ్యాంశం కావడం అరుదైన సంగతి. 1992లో ఉద్యమం దావానలంలా పాకింది. ఊరి పొలిమేరలో స్త్రీలు వంతులవారీగా కాపలా కాశారు, పొట్లాలను నడివీధిలో కుప్పపోసి తగులబెట్టారు, తాగివచ్చిన భర్తకు అన్నం పెట్టేది లేదన్నారు. తాగుబోతులకు గుండు గీయించి గాడిద మీద ఊరేగించిన ఘట్టాలూ ఉన్నాయి. సారా వేలంపాట జరిగే జిల్లా కేంద్రానికి వేలాదిగా తరలివచ్చిన స్త్రీలు పాటను సాగనివ్వకపోవడంతో అధికారులు దాన్ని పలుమార్లు వాయిదా వేయవలసి వచ్చింది. గుత్తేదారుల అనుచరుల దాడులను, పోలీసు కేసులను తట్టుకుని ఉద్యమం ప్రకాశం, గుంటూరు, చిత్తూరు జిల్లాలకూ, తెలంగాణకూ విస్తరించింది. వామపక్ష మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రతిపక్షాలు వెంట నడిచాయి, ఈనాడు పత్రిక ‘సారాపై సమరం’ పేరుతో ప్రత్యేక పుటలు నడిపింది. ఏ పార్టీ కార్యాలయంలోనూ ఈ ఉద్యమానికి పథకం తయారు కాలేదు, అయినా తర్వాత అన్ని పార్టీలూ దాన్ని తమదిగా చెప్పుకున్నాయి.

ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 చివర అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు, ఆ నిషేధం 1995 జనవరి నుంచి అమలైంది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆదాయ లోటును, దొంగసారాను కారణాలుగా చూపి నిషేధాన్ని సడలించింది. నిషేధం తొలగిపోవడాన్ని బట్టి ఉద్యమం విఫలమైందని అనేవారున్నారు. ఆ తీర్పు న్యాయమైనది కాదు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగే హింసకూ రాష్ట్ర ఖజానాకూ నేరుగా సంబంధం ఉందని, భర్త చేతి దెబ్బలో ప్రభుత్వపు వేలంపాట కూడా ఉందని ఎత్తిచూపిన స్త్రీలు, కుటుంబ విషయం, రాజకీయ విషయం అనే విభజననే ప్రశ్నించారు. పడమటి దేశాల్లో 1960ల నాటి మహిళా బృందాలు సొంత అనుభవాలను కలబోసుకుని ఏ నిర్ణయానికి వచ్చాయో, నెల్లూరు పల్లెల స్త్రీలు పలక పట్టిన చేతులతో, తమ దారిన తాము, అదే నిర్ణయానికి వచ్చారు. 1980లలో ఉత్తరాఖండ్ కొండల్లోనూ స్త్రీలు ముందుండి మత్తు వద్దు, ఉపాధి కావాలన్న నినాదంతో పోరాడారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం ఎంతో ఉపయోగకరం.

రాత్రిబడి కంటే చాలా ముందే గుంటూరు పట్టణంలో స్త్రీలు కూడే చోటును ఒక జంట కల్పించింది. మాలపల్లి నవలాకర్తగా ప్రసిద్ధుడైన ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ వితంతు వివాహాలు జరిపించి, ఊరివారి బహిష్కారాన్ని ఎదుర్కొన్నారు. 1922లో గుంటూరులో స్థాపితమై లక్ష్మీబాయమ్మ నిర్వహణలో సాగిన శారదా నికేతనం స్త్రీలకు చదువుతో పాటు చేతిపనులు నేర్పింది. బాల్యంలోనే భర్తను కోల్పోయి మేనమామల ఇళ్లలో, అన్నదమ్ముల ఇళ్లలో వంటపనికి పరిమితమైన ఆడపిల్లలకు సొంత సంపాదన అనే ఊహ అక్కడే పరిచయమైంది. ఆ తరువాతి తరంలో, 1930లు, 40లలో, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టుల ప్రోత్సాహంతో మహిళా సంఘాలు ఏర్పడి, రాజకీయ పాఠశాలలు నడిచాయి. మోటూరి ఉదయం వంటివారు దళంగా ఏర్పడి, అంతవరకు మగవారిదే అయిన బుర్రకథను చేపట్టి వేదికలెక్కినప్పుడు ప్రేక్షకుల్లోని స్త్రీలకు కథ ఒక్కటే కనిపించి ఉండదు, కథ చెప్పే హక్కు కూడా కనిపించి ఉంటుంది. గుంటూరులో పుట్టిన ఓల్గా 1973 నుంచి 1986 వరకు తెనాలి కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేసి, తర్వాత రచనతో, సంస్థల నిర్మాణంతో తెలుగు స్త్రీవాదానికి సిద్ధాంత రూపం ఇచ్చారు. వీరేశలింగం నుంచి నేరుగా స్త్రీవాద కవిత్వానికి దూకే సాహిత్య చరిత్రలు నడుమ ఉన్న ఈ అర్ధశతాబ్దాన్ని మరిచిపోవడం విచారకరం.

అయితే నలుగురూ కూడే చోటు అందరికీ ఒకటిగా ఉండలేదు, ఈ మైదానాల్లో ఆ నిజాన్ని దాటవేసి రాసే మహిళోద్యమ చరిత్ర అసంపూర్ణం. నీళ్లు మోయడం ఆడవారి పని, కాబట్టి చెరువు, బావి వారి సమావేశ స్థలాలు, కాని ఏ కులం వారు ఏ రేవులో దిగాలన్నది ఊరి పెత్తనం నిర్ణయించేది. 1985 జూలై 16న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీటి చెరువును ఒక భూస్వామి కుటుంబపు యువకుడు పశువుల కుడితితో మలినం చేయడాన్ని అడిగినందుకు జరిగిన గొడవలో, కొరడా ఎత్తినవారి నుంచి తనను తాను కాపాడుకోవడానికి నీళ్లకు వచ్చిన ఒక దళిత మహిళ బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ఊరు విడిచి చీరాల చేరిన బాధితుల శిబిరం నెలల తరబడి సాగింది. పిల్లల్ని చంకనెత్తుకుని శిబిరాన్ని నిలబెట్టినవారు, వచ్చిన ప్రతి విచారణ బృందానికి జరిగినది చెప్పినవారు అధికంగా స్త్రీలే. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో అదే ఏడాది ఏర్పడిన దళిత మహాసభకు ఆ శిబిరమే పునాది. ఈ కేసులో కీలక సాక్షిగా నిలిచిన ఒక దళిత మహిళ కూడా తర్వాత హత్యకు గురికావడం, సాక్ష్యం చెప్పడం అప్పట్లో ఎంత ప్రాణాంతకమో తెలుపుతుంది.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. మృతదేహాలను ఊరి నడుమనే ఖననం చేయాలని పట్టుబట్టి సాధించుకున్న ఆ స్థలానికి రక్తక్షేత్రమని పేరు వచ్చింది, ఏటా ఆగస్టు 6న అక్కడ సంస్మరణ సభ జరుగుతుంది. విచారణ తమ ఊళ్లోనే జరగాలన్నది బాధితుల మరో పట్టుదల. దూరపు పట్నం కోర్టుకు వెళ్లాలంటే కూలి పోతుంది, దారిలో బెదిరింపులు ఉంటాయి, స్త్రీలు సాక్ష్యానికి వెళ్లడం మరీ కష్టం. చివరకు చుండూరులోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది, నేరం జరిగిన ఊళ్లోనే కోర్టు కూర్చోవడం భారత న్యాయచరిత్రలో అపూర్వం. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. పదహారేళ్లు కోర్టు తలుపు కోసం, తీర్పు కోసం నిలబడిన వితంతువులకు ఆ రోజు జరిగిన అన్యాయం మాటల్లో తీరేది కాదు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైన చల్లపల్లి స్వరూపరాణి వంటి రచయిత్రులు దళిత స్త్రీవాదాన్ని వినిపించింది ఈ నేపథ్యం మీదనే. కులం మరచిన స్త్రీవాదమూ, స్త్రీని మరచిన దళితోద్యమమూ రెండూ తమను సగమే చూస్తున్నాయన్నది దళిత స్త్రీల వాదం, ఈ జిల్లాల అనుభవం దాన్ని పూర్తిగా సమర్థిస్తుంది.

సారా ఉద్యమం చల్లబడ్డాక దాని శక్తి పొదుపు సంఘాల వైపు మళ్లింది. నెల్లూరులో రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపులక్ష్మి పథకం, తర్వాత రాష్ట్రమంతటా డ్వాక్రా సంఘాలు, 2000 తర్వాత వెలుగు పథకం కింద గ్రామ, మండల సమాఖ్యలు వచ్చాయి. పది పదిహేను మంది స్త్రీలు నెలకోసారి కూర్చుని, లెక్క రాసుకుని, బ్యాంకు మెట్లు ఎక్కడం తక్కువ విజయం కాదు. అప్పు కోసం వడ్డీవ్యాపారి ఇంటి ముందు నిలబడే అవస్థ చాలా ఇళ్లలో తప్పింది. కాని ఆ సమావేశపు ఎజెండా క్రమంగా పై నుంచి రావడం మొదలైంది. వాయిదా కట్టారా లేదా అన్నది ఒకటే ప్రశ్నగా మిగిలినప్పుడు, కట్టలేని తోటి సభ్యురాలి ఇంటి మీదికి మిగిలినవారే వెళ్లవలసిన దుస్థితి వచ్చింది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఇదే పద్ధతిని అనుకరించి అధిక వడ్డీలతో, కఠినమైన వసూళ్లతో పల్లెలను కుదిపివేశాయి. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒకప్పుడు గుత్తేదారును నిలదీసిన స్త్రీలు రాజకీయ సభలకు జనాన్ని తరలించే బాధ్యత మోయవలసి రావడం బాధాకరమైన మార్పు, దాన్ని సాధికారత అని పిలవడం వారి పోరాట చరిత్రకు న్యాయం చేయదు.

నేటి ఉద్యమం పొలం కాగితం మీద పేరు కోసం సాగుతోంది. ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని 1986లోనే సవరించినా, అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకూ తర్వాత పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అన్న మాటతో చాలా ఇళ్లలో వాటా దక్కలేదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు లేని స్త్రీ విత్తనం వేసినా, కలుపు తీసినా, కోసినా సర్కారు లెక్కలో రైతు కాదు. మహారాష్ట్ర పత్తి సీమల్లో శరద్ జోషి నాయకత్వంలోని షేత్కరీ సంఘటన లక్ష్మీముక్తి పేరుతో భర్తలు తమ భూమిలో కొంత భార్యల పేర రాయాలని ప్రచారం చేసి ఫలితం సాధించింది, అటువంటి సామూహిక ప్రచారం ఇక్కడ జరగలేదు. 1997, 98 సంవత్సరాల్లో పత్తి పంటను పురుగు తినేసిన నాటి నుంచి అప్పుల పాలై ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యలకు పొలం కాగితంలో పేరు లేకపోవడం ఎంత నష్టమో అనుభవంలో తెలిసింది. 2004లో లక్షన్నర రూపాయలుగా మొదలై తర్వాత ఐదు లక్షలకు, ఏడు లక్షలకు పెరిగిన పరిహారం పొందాలంటే మృతుడు రైతేనని, అప్పు సాగు కోసమేనని కాగితాలతో రుజువు చేయాలి. నోటిమాట మీద కౌలుకు తీసుకుని, నోటిమాట మీద అప్పు తెచ్చిన కుటుంబంలో అవి ఉండవు.

మహిళా కిసాన్ అధికార్ మంచ్, రైతు స్వరాజ్య వేదిక వంటి సంస్థలు ఈ స్త్రీలను బహిరంగ విచారణలకు సమీకరిస్తున్నాయి. బహిరంగ విచారణ అంటే బాధితులు తమ కథను తామే అధికారుల, పాత్రికేయుల, పౌరుల ముందు చెప్పే సభ. ఇంట్లో ఒంటరిగా అప్పులవాళ్లకు జవాబు చెప్పుకునే స్త్రీ, అదే కథ చెబుతున్న మరో పదిమందిని మొదటిసారి అక్కడే చూస్తుంది. ఉపాధి హామీ పథకం కింద ఏర్పడిన శ్రమశక్తి సంఘాలు, మార్చి 8న పల్లెల్లో జరిగే సభలు, ఆగస్టు 6న రక్తక్షేత్రం వద్ద కూడే జనం కూడా ఇటువంటి చోట్లే. వీటిలో వినవచ్చే కోరికలు సూటిగా ఉంటాయి: పత్తి తీతకు, మిరప కోతకు కిలోకు ఇంత అని ముందే తేల్చాలి, మందు చల్లే పొలంలో చేతి తొడుగులూ నీళ్లూ ఉంచాలి, వలస వచ్చిన కూలీల పిల్లలకు బడి, స్త్రీలకు మరుగుదొడ్డి కల్పించాలి, కౌలు రైతులకు ఇచ్చే పంట సాగుదారుల గుర్తింపు కార్డు స్త్రీ పేర ఇవ్వాలి. ఈ చివరిదానికి పెద్ద అడ్డంకి 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టమే, ఎందుకంటే కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి, 2011 నాటి చట్టంలో ఆ షరతు ఉండేది కాదు. సంతకం చేస్తే భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు ముందుకు రావడం లేదు, భర్త పోయిన ఒంటరి కౌలుదారుకు ఆ సంతకం అడిగే ధైర్యం కూడా ఉండదు. యజమాని సంతకం షరతును తొలగించి, గ్రామసభ ధ్రువీకరణతోనే కార్డు ఇవ్వాలన్న డిమాండు న్యాయమైనది, అసాధ్యం ఎంతమాత్రం కాదు.